ఇంటి సంగతి అడగడానికి కాదు

చిరంజీవి కిట్టుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారి మోకాలు ఎప్పటిలాగే ఉంది. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అంటావు. ఆ తర్వాత అన్నది రాదు. ఈ నెలలో నాలుగుసార్లు అయింది. ఉత్తరాన్నైతే కట్ చేయలేవు కదా, అందుకని రాస్తున్నా. ప్రత్యేకంగా ఏమీ లేదు.

ఆదివారం ఆ మలయాళం సినిమా చూశాం, '2018' అని, కేరళ వరదల మీద తీసింది. మాటలు తెలుగులోనే ఉన్నాయి. మొదటి గంటలో నాన్నగారు రెండుసార్లు కునుకు తీశారు. నాకూ విసుగొచ్చింది, అబద్ధమెందుకు. సైన్యంలో ఇమడలేక వచ్చేసిన టొవినో థామస్, చేపలు పట్టే ఇంట్లో పుట్టి మోడలింగ్ అంటూ తిరిగే కుర్రాడు, కళ్ళు కనపడని ఇంద్రన్స్... ఇంతమందిని ఎందుకు చూపిస్తున్నాడో అనుకున్నా. వాన మొదలయ్యాక తెలిసింది. అప్పటికి వాళ్ళ ఇళ్ళన్నీ మనకి తెలిసిపోయాయి, ఎవరి గడప దాటి నీళ్ళొచ్చినా మనింట్లోకి వచ్చినట్టే ఉంది. టొవినోని చివర్లో చంపకుండా ఉండాల్సింది. నాన్నగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మంచు పట్టిందన్నారు, ఎండాకాలంలో.

సినిమా అయ్యాక ఊరుకోలేక కూర్చుని చదివాను. ఇడుక్కి జలాశయం గేట్లు 26 ఏళ్ళ తర్వాత ఆ ఆగస్టులోనే ఎత్తారట. ఆ నీళ్ళు దిగేది పెరియార్ నదిలోకి. పెరియార్ పోయేది కొచ్చి పక్కనున్న ఆలువ మీదుగా. కొచ్చి విమానాశ్రయం ఆగస్టు 15 నుంచి 29 దాకా మూసేశారు. అది మీకు ఎంత దూరం?

సరే, రాసేశాను కాబట్టి ఇక దాచను. రాధ పిన్ని వాళ్ళింట్లో పెళ్ళికి వెళ్ళినప్పుడు చిన్నోడు నోరు జారాడు. నువ్వు ఆలువలో కొత్త ఇల్లు తీసుకున్నావట, వెనక గేటు తీస్తే ఏరేనట. నేను నమ్మలేదు. మా కిట్టు నాకు చెప్పకుండా ఇల్లు మారతాడా అని నవ్వేశాను కూడా. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఈమధ్య వీడియో కాల్‌లో ఎప్పుడూ గోడకే ఆనుకుని కూర్చుంటున్నావు. ఆ గోడ రంగు పాత ఇంటిది కాదు. వాణ్ణి ఏమీ అనకు, పాపం, జిలేబీ తింటూ అనేశాడు.

పడవల సంగతి రాయలేదు కదూ. ఆ వరదల్లో జాలర్లు సముద్రం మీదికెళ్ళే పడవల్ని లారీలకెక్కించి ఊళ్ళలోకి తీసుకొచ్చారు, ఆరువందల పైచిలుకు. ఒకాయన నీళ్ళలో మోకాళ్ళ మీద వంగితే, ఆడవాళ్ళు ఆయన వీపు మీద కాలుపెట్టి పడవెక్కారు. ఆ వీడియో చూశాను. ఆలువ దగ్గరే నిండు చూలాలిని నేవీ వాళ్ళు హెలికాప్టర్‌లోకి తాడుతో లాగారు, ఆ రోజే కాన్పయింది. నేవీ వాళ్ళు మనుషుల్ని కాపాడిన ఒక డాబా మీద తర్వాత ఎవరో థాంక్స్ అని పెద్ద పెద్ద అక్షరాలు రాశారట. చదువుతుంటే బాగానే ఉంది. నిన్ను మాత్రం ఎవరూ డాబా మీంచి లాగక్కర్లేదు.

తాతయ్య లచ్చి సంగతి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. 1977 నవంబర్ 19, శనివారం. నాకు తొమ్మిదేళ్ళు. పొద్దుటి నుంచీ గాలి. తాతయ్య అరుగు మీద కూర్చుని కరకట్ట వైపే చూస్తున్నాడు. కృష్ణ పొంగినా కట్ట ఆపుతుంది, మనకేం అని ధీమా. రామం తాత వచ్చి కరణంగారి డాబా మీదికి పోదాం పద అంటే, "గొడ్లని వదిలేసి నేనెక్కడికి రాను" అన్నాడు. అమ్మమ్మ ఒక్క మాట కూడా వాదించలేదు. నన్నూ, పెద్దక్కనీ, బుజ్జి మావయ్యనీ కొంగుకి కట్టేసుకుని రామం తాత వెనకాలే నడిచింది. చీకటి పడ్డాక వచ్చాయి నీళ్ళు, కట్ట వైపు నుంచి కాదు, సముద్రం వైపు నుంచి. తాతయ్య కొట్టంలోకి పరిగెత్తి పలుపులు విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు గేదెలు. తడిస్తే ముడి రాయిలా బిగుస్తుంది, గోటికి రాదు. మూడు విప్పాడు. నాలుగోది లచ్చి, చూడిది. ఎంత పీకినా దాని ముడి రాలేదు. కత్తిపీట ఇంట్లో ఉంది, ఇల్లు అప్పటికే పోయింది. విప్పిన గేదె తోక పట్టుకునే తేలుతూ మా దగ్గరికొచ్చాడు. గోళ్ళు రెండు ఊడిపోయి ఉన్నాయి. దివిసీమలో ఆ ఉప్పెనకి పదివేల మందికి పైగా పోయారు. మా ఇంట్లో మనుషులం అందరం మిగిలాం. నీళ్ళు తీశాక లచ్చి గుంజకే ఉంది. పోయేదాకా తాతయ్య ఇక గొడ్లకి జారుముడే వేశాడు. అవి తప్పించుకుని పక్క చేలో పడి ఎన్ని తగువులు తెచ్చినా సరే.

భయపెట్టాలని రాయలేదు. వందేళ్ళకోసారి వచ్చేది మన కాలంలో మళ్ళీ రాదని చిన్నోడితో అన్నావట. అక్కడి పెద్దవాళ్ళు 99 వరద అంటారు చూడు, వాళ్ళ కొల్లం శకం 1099, మనకి 1924. లెక్క బాగానే ఉంది. మరి 2019 ఆగస్టులో మళ్ళీ ఎందుకొచ్చింది? ఇంజినీరువి, నువ్వే చెప్పు. ఆలువ శివాలయం ఏటిలో మునిగితే వాళ్ళకి శుభమట, స్వామికి ఏరే అభిషేకం చేస్తుందట. స్వామికి మంచిదే. నువ్వు స్వామివి కాదు.

లెక్చర్ ఇవ్వనని మొదట్లోనే అనుకున్నా. ఇంకొక్కటి. సర్టిఫికెట్లు మంచం కింద పెట్టెలో పెట్టే అలవాటు నీది. ప్లాస్టిక్ కవర్లో వేసి అటక మీద పెట్టు. టార్చి కొను, ఫోన్‌లో లైటు ఉందిగా అనకు. ఏటి వైపు గేటు తాళం చెవి ఎప్పుడూ ఒకే మేకుకి తగిలించు. డ్యాం గేట్లు ఎత్తుతున్నామని మైకులో చెబితే, మీటింగ్‌లో ఉన్నా సరే, లేచి వచ్చెయ్యి. తలకి నూనె పెట్టుకుంటున్నావా?

ఆవకాయ కలిపాను. నాన్నగారు జాడీకి గుడ్డ కట్టి మూడు రోజులైంది, అడ్రసు తెలియక గుమ్మం పక్కనే ఉంది. ఈ ఉత్తరం కూడా ఆఫీసుకే పంపుతున్నా. ఇంటి అడ్రసు రాసి పంపు. ఎన్నో అంతస్తో కూడా రాయి, కొరియర్ అబ్బాయికి కావాలి.

మీ అమ్మ