ఇల్లు న్యూజెర్సీలో, పన్ను న్యూయార్క్‌కి

సంపాదకులకు నమస్కారం.

ఫిబ్రవరి వచ్చిందంటే ఇక్కడ ఎడిసన్‌లో ఏ ఇద్దరు తెలుగువాళ్లు కలిసినా మాట టాక్స్ ఫైలింగ్ మీదికే వెళ్తుంది. "రీఫండ్ ఎంత వచ్చింది?" అని అందరూ అడుగుతారు. "ఏ రాష్ట్రానికి ఎంత కట్టావు?" అని అడిగేవాళ్లు తక్కువ. మా ఇల్లు న్యూజెర్సీలో, నా ఉద్యోగం న్యూయార్క్‌లో. పొద్దున్నే మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలెక్కేవాళ్లలో మనవాళ్లు ఎంతమంది ఉంటారో చూస్తే ఇది నా ఒక్కదాని గొడవ కాదని తెలుస్తుంది. పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులు మీ పత్రిక చదువుతారు, ఆ పిల్లలు ఇక్కడ ఫోన్లో చదువుతారు. అందుకే మీకు రాస్తున్నాను.

మన దేశంలో ఈ బాధ లేదు. హైదరాబాద్‌లో ఉంటూ బెంగళూరు కంపెనీకి పనిచేసినా ఆదాయపు పన్ను కేంద్రానికే. పాన్ ఒకటే, రిటర్న్ ఒకటే. రాష్ట్రం తీసుకునేది వృత్తి పన్ను, అదీ ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదని రాజ్యాంగమే చెబుతోంది. అమెరికాలో ఫెడరల్ పన్ను వేరు, రాష్ట్రం పన్ను వేరు. టెక్సస్, ఫ్లోరిడా లాంటి కొన్ని రాష్ట్రాల్లో తప్ప, మనం కాపురముండే రాష్ట్రం మొత్తం ఆదాయం మీద పన్ను అడుగుతుంది. పనిచేసే రాష్ట్రం అక్కడ సంపాదించిన దాని మీద అడుగుతుంది.

మొదటి ఏడాది జనవరి నెలాఖరులో డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం, కోసిన పన్ను చూపించే కాగితం, చేతికొచ్చినప్పుడు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అడుగున రాష్ట్రాల గడుల్లో న్యూయార్క్ పక్కన నా ఏడాది జీతం ఉంది. దాని కిందే న్యూజెర్సీ పక్కన మళ్లీ అదే అంకె. నేను రెండు జీతాలు తీసుకున్నట్టు! ఒక టాక్స్ కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాం. ఆయన రెండు రాష్ట్రాలకీ రెండు రిటర్న్‌లు వేసి ఫీజు తీసుకున్నాడు. న్యూజెర్సీకి ఇంకా వేల డాలర్లు కట్టాలని తేలితే, రెండుచోట్లా కట్టడమే రూలు కాబోలు అనుకుని కట్టేశాం. రెండో ఏడాదీ అంతే. మూడో ఏడాది ఆఫీసులో పక్క సీటు అమ్మాయి తన రిటర్న్ చూపించింది. అందులో ఎన్‌జే-సీఓజే అని ఒక షెడ్యూల్ ఉంది. న్యూయార్క్‌కి కట్టిన పన్నుకి న్యూజెర్సీలో క్రెడిట్, అంటే ఇక్కడి పన్నులో ఆ మేరకు తగ్గింపు, అడిగే కాగితం అది. మా రిటర్న్‌లో ఆ పేజీయే లేదు. గడువు మిగిలే ఉంది కాబట్టి సవరించిన రిటర్న్‌లు పంపి డబ్బు వెనక్కి తెచ్చుకున్నాం. మూడేళ్లు దాటి ఉంటే అది పోయినట్టే.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ముందు న్యూయార్క్‌కి నాన్‌రెసిడెంట్ రిటర్న్, అంటే అక్కడ కాపురం లేనివాళ్లు వేసే ఐటీ-203 ఫారం, పూర్తి చేయాలి. అక్కడ ఎంత పన్ను తేలిందో చూశాకే న్యూజెర్సీ రిటర్న్ ముట్టుకోవాలి. క్రెడిట్ దగ్గర వేయాల్సింది అలా తేలిన పన్నే. జీతంలోంచి కోసుకున్న మొత్తం వేస్తే లెక్క తప్పుతుంది.

అన్నీ సరిగ్గా చేసినా రెండు పన్నుల్లో ఎక్కువ ఏదో అదే కడతాం. మామూలుగా న్యూయార్క్‌దే ఎక్కువ, ఆ తేడా ఎవరూ తిరిగివ్వరు. మా ఆయన ఉద్యోగం న్యూజెర్సీలోనే. అయినా ఇద్దరం కలిసి ఫైల్ చేస్తే న్యూయార్క్ మొదట ఆయన జీతం కూడా కలిపి పన్ను లెక్కగట్టి, తర్వాత అందులో నా వాటా తీస్తుంది. దాంతో నా మీద పడే రేటు పెరుగుతుంది.

ఇదంతా సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేనిది ఇంకొకటి ఉంది. ఆఫీసు న్యూయార్క్‌లో ఉండి, మన వీలు కోసం ఇంట్లో కూర్చుని పనిచేస్తే, ఆ రోజులు కూడా న్యూయార్క్‌లో పనిచేసినట్టే లెక్క. కోవిడ్‌లో ఆఫీసులు మూసి నెలల తరబడి ఎడిసన్ దాటకుండా పనిచేసినప్పుడూ ఇదే రూలు పెట్టారు. మా పిన్ని కొడుకు న్యూయార్క్ ఆఫీసు ఉద్యోగం చేస్తూనే 2021లో టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మారాడు. అక్కడ రాష్ట్ర పన్ను లేదు కదా అని సంబరపడ్డాడు. మొదటి జీతం స్లిప్పులోనే న్యూయార్క్ పన్ను కోత కనిపించింది. టెక్సస్‌లో పన్నే లేనప్పుడు క్రెడిట్ ఇచ్చేదెవరు? వాడు ఆ రోడ్ల మీద తిరగలేదు, ఆ రైలెక్కలేదు. పన్ను మాత్రం కట్టాడు.

న్యూహాంప్‌షైర్ రాష్ట్రం ఇలాంటి విషయంలోనే మసాచుసెట్స్ మీద సుప్రీంకోర్టుకి వెళ్లింది. న్యూజెర్సీ కూడా దానికి మద్దతుగా నిలిచింది. 2021 జూన్‌లో కోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు. 2023లో న్యూజెర్సీ, మీరు మా వాళ్ల మీద వేస్తే మేమూ మీ వాళ్ల మీద వేస్తామని ఎదురు రూలు తెచ్చింది. రెండు ప్రభుత్వాలు పంతానికి పోతే నలిగేది జీతగాళ్లే.

చేయాలనుకుంటే దారి లేకపోలేదు. న్యూజెర్సీకీ పెన్సిల్వేనియాకీ మధ్య 1970ల నుంచే ఒప్పందం ఉంది. నా స్నేహితురాలి ఇల్లు డెలావేర్ నదికి అవతల పెన్సిల్వేనియాలో, ఉద్యోగం న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌లో. ఎన్‌జే-165 అని ఒక ఫారం ఆఫీసులో ఇచ్చింది, అంతే. జీతం మీద రాష్ట్ర పన్ను పెన్సిల్వేనియాకే కడుతుంది, ఒకే రిటర్న్ వేస్తుంది. న్యూయార్క్‌కీ న్యూజెర్సీకీ మధ్య పారే హడ్సన్ నది మీద మాత్రం అలాంటి ఒప్పందం ఎందుకు లేదు? న్యూయార్క్‌కి వచ్చే ఆదాయం పోతుందనే తప్ప నాకు వేరే కారణం కనిపించదు.

క్లయింట్ల కోసం వారానికో ఊరు తిరిగే మన కన్సల్టెంట్ల పరిస్థితి ఇంకా కష్టం. ఒక్కరోజు పనిచేసినా రిటర్న్ వేయమనే రాష్ట్రాలున్నాయి. ఏ రాష్ట్రంలోనైనా 30 రోజుల్లోపు పనికి అక్కడ పన్ను వద్దనే బిల్లు ఒకటి ఏళ్ల తరబడి కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ముందుకు వస్తోంది. ప్రతినిధుల సభ ఆమోదించిన సందర్భాలూ ఉన్నాయి, సెనేట్‌లో మాత్రం ముందుకు కదల్లేదు.

వీసా మీద ఉన్న మాకు ఓటు లేదు, పన్ను కట్టడమే మా వంతు. కానీ పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లకు ఓటుంది. మన తెలుగు సంఘాలు మహాసభలకు ప్రజాప్రతినిధుల్ని పిలిచి శాలువాలు కప్పుతాయి. ఆ వేదిక మీదే ఈ రెండు మాటలు అడగమని నా విన్నపం: న్యూయార్క్, న్యూజెర్సీ మధ్య ఒప్పందం ఎప్పుడు, 30 రోజుల బిల్లుకి మీ ఓటు ఎటు? అలాగే శాలువాలకి పెట్టే శ్రద్ధలో కొంత, మార్చిలో రెండు శనివారాలు కొత్తవాళ్ల రిటర్న్‌లు చూసిపెట్టడానికి పెట్టండి.

మీ పత్రికకీ ఒక విన్నపం. జనవరి నెలాఖరుకి మళ్లీ డబ్ల్యూ-2లు వస్తాయి. ఆలోపు రెండు రాష్ట్రాల ఫైలింగ్ గురించి తెలిసినవాళ్లతో తెలుగులో ఒక పేజీ రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ