మార్కులు వస్తున్నాయి కదా అని మా వాడిని వదిలేయకండి సార్: విద్యాశాఖ ఉన్నతాధికారికి ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి,

నమస్కారం సార్. ఆటిజం ఉన్న మా అబ్బాయికి స్కూల్లో చిన్న చిన్న సర్దుబాట్లు చేయించమని నేను మీకు రాస్తున్న నాలుగో కాగితం ఇది. మొదటి మూడూ అర్జీలుగా ఇచ్చాను, మూడు సోమవారాలు ఆఫీసుకి సెలవు పెట్టి, పొద్దున తొమ్మిదికే వచ్చి లైన్లో నిలబడి. మూడుసార్లూ రసీదు ఇచ్చారు, అవి మా అబ్బాయి మెడికల్ ఫైల్లోనే దాచాను. జవాబు మాత్రం రాలేదు. రెండో అర్జీకి మాత్రం "సంబంధిత పాఠశాలకు పంపబడింది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అంటే నేను ఏ స్కూలు గురించి మొర పెట్టుకున్నానో ఆ స్కూలు చేతికే నా కాగితం వెళ్లింది. మర్నాడే ప్రిన్సిపాల్ మేడం పిలిచి "మా మీద కంప్లెయింట్ ఇచ్చారంట కదా" అని అడిగారు. ఆ సంవత్సరమంతా మా వాడు అదే గేటు లోపలికి వెళ్లాలి కదా సార్, నేనేం చెప్పగలను? తల వంచుకుని వచ్చేశాను. అందుకే ఈసారి నలుగురూ చూసేలా రాస్తున్నాను.

మా అబ్బాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి అయిపోయింది. వాడికి ఆస్పర్జర్స్ ఉంది, ఆటిజంలో ఒక రకం. చూస్తే ఎవరికీ తెలియదు. లెక్కల్లో క్లాసులో ముందుంటాడు. రోజూ పేపర్లో మన హైదరాబాద్ చెరువులు ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ నీటిమట్టం చూసి నోట్‌బుక్కులో రాసుకుంటాడు, మూడేళ్లుగా ఒక్కరోజు తప్పకుండా. ఉస్మాన్‌సాగర్ నిండితే 1790 అడుగులు, హిమాయత్‌సాగర్ అయితే 1763.5 అడుగులు అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్తాడు, వాళ్లు అడిగినా అడక్కపోయినా. గేట్లు ఎత్తారని తెలిస్తే బాపూఘాట్‌కి తీసుకెళ్లాల్సిందే, రెండింటి నీళ్లూ కలిసేది అక్కడే కాబట్టి. ఇంత తెలిసిన పిల్లాడు, పొద్దున ప్రేయర్‌లో మైకు కీచుమంటే చెవులు మూసుకుని నేల మీద కూలబడిపోతాడు. ఐదో పీరియడ్ సోషల్ అని టైంటేబుల్లో ఉండి, సార్ సెలవని ఇంకొకరు వస్తే ఇక ఆ రోజంతా వాడి మనసు కుదురుగా ఉండదు. ఎదుటివాళ్లు కోపంగా అన్నారో వేళాకోళంగా అన్నారో మొహం చూసి పోల్చుకోలేడు. చెప్పిన మాటని చెప్పినట్టే తీసుకుంటాడు.

చెప్పినట్టే అంటే ఎంతవరకో ఆగస్టులో తెలిసింది. టీచర్ ఏదో చెప్తుంటే మధ్యలో ఆపి తప్పు సరిచేశాడట, ఒకసారి కాదు, మూడుసార్లు. ఆవిడకి విసుగొచ్చి "నా క్లాసులో ఉండకు, నీ ఇష్టమొచ్చిన చోటికి పో" అన్నారు. వాడు పుస్తకాలు సర్దుకుని బయటికి నడిచాడు. గేటు దగ్గర వాచ్‌మన్ లేడు. పదకొండున్నరకి వెళ్లినవాడిని మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి లంగర్‌హౌస్ మెయిన్ రోడ్డు మీద బస్టాపులో ఒక పండ్ల బండి ఆయన పట్టుకుని, వాడి ఐడీ కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేశాడు. గండిపేట బస్సు కోసం నిలబడ్డాడు సార్. ఇష్టమొచ్చిన చోటు అంటే వాడికి గండిపేట చెరువే. రెండు గంటలు నా బిడ్డ లేడన్న సంగతి స్కూల్లో ఎవరికీ తెలియదు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి "అమ్మా, టీచరే పొమ్మంది, నేను తప్పు చేయలేదు" అన్నాడు. వాడి చెయ్యి పట్టుకుని రోడ్డు మీదే ఏడ్చాను.

ఆ టీచర్‌ని నేను తప్పుపట్టను. యాభై రెండు మంది పిల్లలున్న క్లాసు ఆవిడది. వాడి గురించి జూన్‌లోనే రెండు పేజీలు రాసి ఆఫీసు రూములో ఇచ్చాను, వాడికి ఏం చెప్తే ఎలా అర్థమవుతుందో, దేనికి భయపడతాడో అన్నీ. ఆ కాగితం ఆవిడ దాకా చేరనే లేదు. చేరి ఉంటే ఆ మాట అనేవారు కాదని నా నమ్మకం.

ఆ తర్వాత స్కూలు వాళ్లు చెప్పిందేంటంటే, "వైకల్య సర్టిఫికెట్ తెస్తేనే ఏమైనా చేయగలం, లేకపోతే మీ ఖర్చుతో షాడో టీచర్‌ని పెట్టుకోండి." షాడో టీచర్ అంటే క్లాసులో వాడి పక్కనే ఉండి చూసుకునే మనిషి, నెలకి 18,000 అడిగారు. మా ఇంటి అద్దె కంటే ఎక్కువ. సరే, సర్టిఫికెట్ తెద్దామని మీసేవలో స్లాట్ బుక్ చేసి, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపుకి వెళ్లాం. కిక్కిరిసిన వరండాలో నాలుగు గంటలు, పైన ఫ్యాను కరకరమంటూ తిరుగుతుంటే వాడు నా చున్నీ తలకి చుట్టుకుని కూర్చున్నాడు. లోపలికి వెళ్లాక పేరు, ఊరు, స్కూలు అడిగారు, పదమూడో ఎక్కం చెప్పమన్నారు. చెప్పాడు. ఎక్కడ ఆపాలో తెలియక పద్దెనిమిది దాకా చెప్పుకుంటూ పోయాడు. "ఇంత బాగా మాట్లాడుతున్నాడు కదమ్మా, వీడికేంటి?" అన్నారు. ఆటిజం కొలవడానికి ఇస్సా అని 40 అంశాల పట్టిక ఉంటుంది, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. దాన్ని తయారుచేసింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థే. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి అడిగి, పిల్లాడిని గమనించి నింపాల్సిన పట్టిక అది. నన్ను అడిగింది రెండే ప్రశ్నలు. శాతం 40కి రాలేదు, సర్టిఫికెట్ రాదన్నారు.

పక్క టేబుల్ దగ్గరాయన ఇంకో మాట అన్నాడు, ఆస్పర్జర్స్ మా లిస్టులో లేదమ్మా అని. ఆ పేరు లేదు నిజమే. మా డాక్టరు గారు ఐదేళ్ల క్రితమే చెప్పారు, 2013 నుంచి డాక్టర్ల పుస్తకంలో ఆస్పర్జర్స్‌ని విడిగా చూపించడం మానేసి ఆటిజం స్పెక్ట్రంలో కలిపేశారని. కాగితం మీద కూడా అలాగే రాసిచ్చారు. ఆటిజం స్పెక్ట్రం 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఉంది. పేరు మార్చింది డాక్టర్లు, తిప్పలు పడుతున్నది మా పిల్లలు.

సర్టిఫికెట్ రాలేదని స్కూల్లో చెప్తే, "చూశారా, గవర్నమెంటే వాడికేం లేదంది" అన్నారు. మీ దగ్గరికి వస్తే మీ సెక్షన్లో కూడా సర్టిఫికెట్ లేకపోతే ఏమీ చేయలేమన్నారు. స్కూలు క్యాంపుకి పంపుతుంది, క్యాంపు ఇంటికి పంపుతుంది, మీ ఆఫీసు మళ్లీ స్కూలుకే పంపుతుంది. మా వాడు మాత్రం అదే బెంచి మీద, అదే మైకు కింద.

నేను లాయర్ని కాదు సార్, ప్రైవేటు కంపెనీలో అకౌంట్లు రాసుకునే దాన్ని. రాత్రుళ్లు కూర్చుని ఆ 2016 చట్టం చదివాను. 16వ సెక్షన్‌లో స్కూళ్లు ఏం చేయాలో ఉంది, వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లాడి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి, విడిగా సాయం అందించాలి అని. అందులో ఎక్కడా 40 శాతం అన్న మాట లేదు. 40 శాతం అడిగేది 31వ సెక్షన్‌లోని ఉచిత విద్యకి, రిజర్వేషన్లకి. వాటిని నేను అడగలేదు. 17వ సెక్షన్‌లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు అని కూడా ఉంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో, పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలనడం తప్పని చెప్పింది. ఆ తీర్పు ప్రింటు తీసి మూడో అర్జీకి పిన్ను కొట్టి ఇచ్చాను. తీసుకున్నాయన పేజీలు లెక్కపెట్టి "ఇంత ఎందుకమ్మా" అన్నారు.

అదే ఏడాది అక్టోబరులో స్పెషల్ టీచర్ల గురించి ఇంకో తీర్పు వచ్చింది, ప్రైమరీలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని. మా స్కూల్లో ఒక్కరూ లేరు. దగ్గర్లోని సర్కారు బడికి కూడా వెళ్లి అడిగాను. ఆ హెడ్మాస్టర్ మేడం మంచావిడ, కూర్చోబెట్టి టీ ఇప్పించారు. వారంలో ఒకటి రెండు రోజులు ఒక రిసోర్స్ టీచర్ వస్తారని, ఆవిడకి ఇంకా చాలా స్కూళ్లున్నాయని చెప్పారు. రోజూ మనిషి కావాలంటే తన చేతుల్లో లేదన్నారు.

నిజానికి మా వాడికి కావాల్సినవి చాలా చిన్నవి. ప్రేయర్‌లో మైకుకి దూరంగా, వరస చివర నిలబడనివ్వండి. పీరియడ్ మారితే ముందే ఒక్క మాట చెప్పండి. తల తిరిగినట్టు అనిపిస్తే లైబ్రరీలో పది నిమిషాలు కూర్చోనివ్వండి, దాన్ని శిక్షగా కాకుండా. పరీక్షలో ఇంకొంచెం టైం ఇవ్వండి, వాడికి జవాబులు వస్తాయి కానీ చెయ్యి నిదానం. పిల్లలు "రోబో" అని పిలుస్తుంటే ఆపండి. ఆ ఒక్క మాటకే ఫిబ్రవరిలో నాలుగు రోజులు స్కూలుకి పోనని మంచం కింద దూరాడు సార్, పన్నెండేళ్ల పిల్లాడు. వీటిలో ఏ ఒక్కదానికైనా బడ్జెట్ కావాలా? కావాల్సిందల్లా పైనుంచి ఒక ఆర్డరు. డాక్టరు రిపోర్టు ఉంటే చాలు, శాతంతో పని లేకుండా ఈ సర్దుబాట్లు చేయాలని అన్ని స్కూళ్లకీ, ప్రైవేటు స్కూళ్లకి కూడా, మీ సంతకంతో ఒక కాగితం. షాడో టీచర్ పేరుతో తల్లిదండ్రుల మీద భారం వేయొద్దని కూడా అందులో రాయండి. మీరు రాయకపోతే ఎవరు రాస్తారు?

మావారు ఊరుకో అంటున్నారు, పేరు బయటపడితే ఇంకే స్కూలూ తీసుకోదని. ఆయన భయం నాకూ ఉంది, అందుకే పేర్లు రాయలేదు. మా వాడి థెరపీ దగ్గర కూర్చునే తల్లుల్లో నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. ఒకావిడ ఉద్యోగం మానేసి రోజూ స్కూలు వరండాలో కూర్చుంటోంది, కొడుక్కి తనే షాడో టీచర్. ఇంకొకావిడ ఇంట్లోనే చదివిస్తోంది. వాళ్లెవరూ మీ దగ్గరికి రారు, వచ్చి వచ్చి అలిసిపోయారు. నేనూ అలిసిపోయాను సార్, కానీ మూడేళ్లలో వాడు టెన్త్ రాయాలి. అప్పుడు హాల్లో సర్టిఫికెట్ ఏదని అడిగితే నేనేం చూపించాలి, మీరిచ్చిన మూడు రసీదులా?

దయచేసి ఒక్కసారి కలవడానికి టైం ఇవ్వండి. వాడిని కూడా తీసుకొస్తాను, పది నిమిషాలు మాట్లాడి చూడండి. కలవడం కుదరకపోతే ఆ ఆర్డరైనా ఇవ్వండి, మీరు నన్ను చూడకపోయినా ఫరవాలేదు.

జూన్ 12న బడులు తెరుస్తారు. కొత్త క్లాసులో తన బెంచి ఏదో, కిటికీ పక్కనా ఫ్యాను కిందా అని మా వాడు రోజూ రాత్రి అన్నం తింటూ అడుగుతున్నాడు. ముందే తెలిస్తే వాడికి భయం ఉండదు. అడిగి చెప్తాను నాన్నా అంటున్నాను, నెల రోజులుగా.

ఇట్లు,
లంగర్‌హౌస్ నుంచి ఒక తల్లి