కేబుల్ తీగకి గిజిగాడి గూడు

చిరంజీవి బుజ్జమ్మకి,

నాన్న ఆశీర్వదించి రాయునది. మేమిద్దరం క్షేమం. అమ్మకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది.

నిన్న పొద్దున కాలవగట్టు మీద నడిచి, నీ చిన్నప్పటి బడి సందులోంచి తిరిగొస్తున్నాను. కరెంటు స్తంభం నుంచి వేలాడే తెగిన కేబుల్ తీగకి పచ్చగా ఏదో ఊగుతోంది. దిష్టికి ఎవరో కట్టారనుకున్నా. దగ్గరికెళ్తే గిజిగాడి గూడమ్మా! ఆ మూల రెండు తాడిచెట్లుండేవి, గుర్తుందా? నిరుడు ఇల్లు కట్టుకోవడానికి కొట్టేశారు. పిట్ట మాత్రం ఆ చోటు వదల్లేదు.

అరగంట అక్కడే నిలబడిపోయాను. పసుపు పూసుకున్నట్టుంది దాని తల. కాలవ అవతల వరిచేలోకి వెళ్లి, ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ కొస పట్టుకుని ఎగురుతుంది. ఆకు పోగులా చీలి దాని వెంటే వచ్చేస్తుంది. ఆ పోగుని తీగకి చుట్టి, ముడేసి, మళ్లీ చేలోకి. గూడింకా సగమే అయింది. బోర్లించిన బుట్టలా ఉంది, కింద అడ్డంగా ఒక పట్టీ. పక్షుల సలీం అలీ గారు మహారాష్ట్రలోని కిహిం ఊళ్లో ఈ పిట్టల్ని రోజుల తరబడి గమనించారు. మగది ఇంతవరకూ కట్టి ఆగుతుందిట. ఆడది వచ్చి చూసి, దానికి నచ్చితేనే మగది మిగతా గూడూ, కింది గొట్టమూ అల్లుతుంది. నచ్చకపోతే ఆ కష్టమంతా అలా వేలాడాల్సిందే. తీగ మీద ఇల్లు ఎవరికి నచ్చుతుందోనని నాకు రాత్రంతా అదే బెంగ.

లోపల తడిమట్టి ముద్దలు కూడా అంటించింది. నువ్వు రెండో తరగతిలో రాలిన గూడొకటి తెచ్చి వసారాలో కట్టావు. ఆ మట్టికి మిణుగురుల్ని అంటించి దీపం పెట్టుకుంటుందని నాయనమ్మ చెబితే, చీకటి పడ్డాక దాని కిందే కూర్చునేదానివి. మట్టి నిజమేనమ్మా, దీపమే లేదు. ఆ మాట అప్పుడు నీకు చెప్పలేకపోయాను.

ఇవాళ కేబుల్ అబ్బాయి నిచ్చెనేసుకుని వచ్చాడు. "వానాకాలం వెళ్లేదాకా ఆగు నాయనా" అని బతిమాలాను. పనిచెయ్యని తీగేగా, ఉంచేస్తానన్నాడు.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి అటే వెళ్తున్నాను. ఆడపిట్ట వచ్చిందో లేదో మళ్లీ రాస్తాను.

నాన్న
తెనాలి