మీ కెమెరా దేని చుట్టూ తిరుగుతోంది?

కస్టమర్ సపోర్ట్ విభాగానికి,

విషయం: కొత్త వెర్షన్‌లో కెమెరా ఆర్బిట్ ఫంక్షన్ లోపం

అయ్యా,

మీ త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ను ఏడాది చందా కట్టి వాడుతున్నాను. మోడల్ చుట్టూ కెమెరా ఒక పూర్తి రౌండు తిరిగే టర్న్‌టేబుల్ షాట్లు నా రోజువారీ పని. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 10 సెకన్ల షాటుకు 240 ఫ్రేములు, ఫ్రేముకు ఒకటిన్నర డిగ్రీ. ప్రతిసారీ చేత్తో కీఫ్రేములు (ఏ ఫ్రేములో కెమెరా ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టలేక, కెమెరాను మోడల్ చుట్టూ తిప్పే మీ ఆర్బిట్ ఫంక్షన్‌ను వాడుతూ స్క్రిప్ట్ రాసుకున్నాను. పాత వెర్షన్‌లో ఏ పేచీ లేకుండా నడిచింది.

అప్‌డేట్ చేశాక అదే స్క్రిప్ట్‌ను రాత్రి బ్యాక్‌గ్రౌండ్ రెండర్‌కు, అంటే విండో తెరవకుండానే ఫ్రేముల బొమ్మలు తయారయ్యేలా, పెట్టి పడుకున్నాను. ఫ్రేముకు 3 నిమిషాలు, మొత్తం 12 గంటలు. అయ్యాక చూస్తే మోడల్ కాసేపు కనిపిస్తోంది, కాసేపు మాయమవుతోంది. కెమెరా ఖాళీ నేలకు ప్రదక్షిణ చేస్తోంది! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు.

కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఆ ఆర్బిట్ ఫంక్షన్‌కు మేం ఇచ్చేది కోణం, దూరం మాత్రమే. ఏ బిందువు చుట్టూ తిరగాలో, అంటే పివట్‌ను, అది వ్యూపోర్ట్ (తెర మీద సీన్‌ను చూపే విండో) నుంచి తీసుకుంటోంది. విండో తెరిచి నడిపితే ఎంచుకున్న మోడల్ మధ్యభాగం దొరుకుతుంది కాబట్టి అంతా సవ్యంగానే ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో వ్యూపోర్టే ఉండదు. అప్పుడు చప్పుడు చేయకుండా సీన్ మూలబిందువును, అంటే x, y, z మూడూ సున్నా అయిన చోటును పట్టుకుంటోంది. నా మోడల్ అక్కడ లేదు.

మీ సపోర్ట్ వాళ్లు మొదట మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. తర్వాత మోడల్‌నే మూలబిందువుకు జరపమన్నారు. చెప్పుకు సరిపోయేలా కాలు కోసుకోమన్నట్టుంది. పది మోడళ్లున్న సీన్‌లో దేన్ని జరపాలో కూడా చెప్పాల్సింది.

ప్రస్తుతానికి మీ ఫంక్షన్‌ను పక్కన పెట్టేశాను. మోడల్ మధ్యలో ఒక ఖాళీ ఆబ్జెక్ట్ పెట్టి, అది తిరిగితే కెమెరా కూడా తిరిగేలా కెమెరాను దానికి పేరెంట్ చేసి, దాన్ని తిప్పుతున్నాను. పని గడుస్తోంది. కానీ దీనికి చందా ఎందుకు?

ఇంకొకటి. కెమెరా సరిగ్గా నెత్తిమీదికి, 90 డిగ్రీలకు చేరగానే బొమ్మ గిర్రున తిరిగిపోతోంది. చూసే దిశ, పైవైపు దిశ ఒకే గీత మీదికి వస్తే కుడివైపు ఏదో లెక్కకు తేలదు. ఇది లెక్కల చిక్కే, మీ ఒక్కరి తప్పు అనను. కానీ మాన్యువల్‌లో ఒక్క లైను రాయొచ్చు, లేదా పైవైపు దిశను మమ్మల్నే ఇవ్వనివ్వొచ్చు.

పివట్‌ను ఫంక్షన్‌కు నేరుగా ఇచ్చే వీలు కల్పించండి. ఇవ్వకపోతే ఎర్రర్ చూపించి ఆగిపోవాలి, ఊహించుకుని ముందుకు పోకూడదు. పోయిన రోజులను నా చందా గడువుకు కలపండి. లోపం కనిపించే చిన్న సీన్ ఫైలు, స్క్రిప్ట్, లాగ్ జతచేశాను. 15 రోజుల్లో జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ చందాదారు