పిల్లుల సంరక్షణ కమిటీ వార్షిక నివేదిక: చిన్న గాయాలు, అదే పనిగా నాకుకోవడం

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాదికి జరిగిన సర్వసభ్య సమావేశంలో మన అపార్ట్‌మెంట్ పిల్లుల కోసం విడిగా ఒక చిన్న కమిటీ వేసుకున్నాం. ఏడాది తిరిగింది. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డులో అంటించాం కాబట్టి ఆ అంకెలు ఇక్కడ మళ్లీ రాయడం లేదు. మెట్ల కింద తిండి పెట్టడం మీద వచ్చిన పేచీ కూడా తీరింది. గిన్నెలు ఇప్పుడు జనరేటర్ గది వెనకాల ఉంటున్నాయి, పొద్దున ఎనిమిదికల్లా కడిగి బోర్లిస్తున్నాం.

ఈ నివేదికలో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి రాస్తున్నాను. ఏడాది పొడుగునా మా తలుపు తట్టిన వాళ్లలో చాలామంది "పిల్లికి పుండు పడింది, ఏం రాయమంటారు?" అని అడగడానికే వచ్చారు. మిగతా వాళ్లు "ఒకటే నాకుకుంటోంది, బొచ్చంతా ఊడిపోయింది" అంటూ వచ్చారు. అందరి నోటా ఒకటే మాట: "పిల్లి కదండీ, నాకుకుంటే అదే మానిపోతుంది."

నేనూ అలాగే అనుకున్నాను. ఆషాఢంలో మన పిల్లి బొట్టుకి ఇంకో గండుపిల్లితో కొట్లాటై తొడ మీద గోరు గీరుకుంది. గాయం నా చిటికెన వేలి గోరంత ఉంటుంది. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాను. అది రెండు నిమిషాల్లో శుభ్రంగా నాకేసింది. మళ్లీ రాశాను, మళ్లీ నాకింది. మూడో రోజుకి ఆ గాయం రూపాయి బిళ్లంతైంది, చుట్టూ బొచ్చు తడిసి అట్టకట్టింది. ప్రభుత్వ పశువైద్యశాలకి తీసుకెళ్తే డాక్టరమ్మ పసుపుని తప్పుపట్టలేదు. బొట్టు నోరు తెరిచి నాలుక చూపించారు. మధ్యలో తెల్లటి ముళ్లలాంటివి, అన్నీ గొంతు వైపుకి వంగి ఉన్నాయి. మన గోళ్లు ఏ పదార్థంతో తయారవుతాయో అవీ దానితోనే తయారవుతాయట. "రోజుకి వందసార్లు ఈ కొబ్బరికోరుతో గాయాన్ని కోరుతుంటే అదెలా మానుతుందమ్మా?" అన్నారు.

ఉమ్ములో సూక్ష్మక్రిముల్ని కొంత చంపే గుణం ఉన్నమాట నిజమే. నాకితే మానుతుందన్న నమ్మకం అందులోంచే పుట్టి ఉంటుంది. కానీ అదే నోట్లో గాయాన్ని చీము పట్టించే క్రిములూ ఉంటాయి. పైగా ఆ రాపిడికి కొత్తగా వచ్చిన లేత చర్మం లేచిపోతుంది. ఇంకో సంగతి కూడా ఆరోజే బుర్రకెక్కింది. పిల్లి ఒంటి మీద మనం రాసిందల్లా దాని కడుపులోకే పోతుంది. అందుకే ఏదైనా రాసేముందు "ఇది తినిపించొచ్చా?" అని అడుగుతున్నాం. ఇప్పుడు కమిటీలో మాకిదే మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్నకి మన ఇళ్లలో ఉండే సీసాలు చాలావరకు నిలబడవు. డెటాల్ వంటి ఘాటైన మందునీళ్లు పిల్లులకి పనికిరావు. ఆ రకం రసాయనాల్ని విరిచేసే శక్తి వాటి కాలేయానికి సరిగా లేదు. టీ ట్రీ ఆయిల్, కర్పూరం కలిసిన బామ్‌లు, జింక్ ఉన్న పిల్లల క్రీములు, మెడికల్ షాపులో అడగగానే చేతిలో పెట్టే గజ్జి, తామర ఆయింట్‌మెంట్లు ఏవీ వద్దు. ఆ ఆయింట్‌మెంట్లలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి శుభ్రమవుతోందని మురిసిపోతాం గానీ అది మానే కండనీ కాలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం పారాసెటమాల్. నొప్పి తగ్గుతుందని అర మాత్ర వేద్దామనుకున్న వాళ్లు మన మధ్యే ఉన్నారు, అందుకే నొక్కి రాస్తున్నాను. మనుషులు వేసుకునే ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికొస్తుంది, చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. వేయకండి.

మరి ఏం చేయాలి? బొట్టు విషయంలో మేం చేసింది చెప్తాను. అర లీటరు నీళ్లు మరగకాచి చల్లార్చి, టీస్పూన్ కంటే కొంచెం తక్కువ ఉప్పు కలిపాం. ఇద్దరం కూర్చున్నాం. రెండో అంతస్తు పిన్నిగారు పాత టవల్‌లో బొట్టుని మెడ దాకా చుట్టి, గాయమున్న కాలు మాత్రం బయటికుంచి ఒళ్లో పెట్టుకున్నారు. చుట్టూ బొచ్చు మొద్దు కత్తెరతో కత్తిరించాం. కత్తెరకీ చర్మానికీ మధ్య దువ్వెన అడ్డం పెడితే చర్మం తెగదు. తర్వాత సూది తీసేసిన సిరంజితో ఉప్పునీళ్లు మెల్లగా కొట్టి కడిగాం. దూది వాడలేదు, పోగులు గాయానికి అతుక్కుంటాయి. గాజ్ గుడ్డతో రుద్దకుండా అద్దాం. బెటాడిన్‌ని నీళ్లలో పలచటి టీ రంగు వచ్చేదాకా మాత్రమే కలిపి ఒకసారి తుడిచి, ఆరనిచ్చాం. అంతే. పొద్దున, సాయంత్రం ఇదే పని. కట్టు కట్టలేదు. బిగుసుకుంటే రక్తం ఆడదు, తడిస్తే లోపల నానుతుంది.

గాయాన్ని నాకకుండా మెడ చుట్టూ తొడిగే గరాటు లాంటి కోన్ పెట్టాం. నిజానికి వైద్యంలో సగం అదే. కోన్ అంచు ముక్కు కొస దాటి కాస్త ముందుకి ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత సందుండాలి. మొదటి గంట బొట్టు వెనక్కి వెనక్కి నడిచింది, గోడలకి గుద్దుకుంది, కోపంగా మంచం కిందకి పోయింది. జాలేసి తీసేయాలనిపిస్తుంది. తీయకండి. వెడల్పాటి పళ్లెంలో తిండి పెడితే మరునాటికి అలవాటు పడుతుంది. పొట్ట మీదో వీపు మీదో గాయమైతే కోన్ బదులు పసిపిల్లల బనీను కాళ్లకి కంతలు చేసి తొడిగినా చాలా పిల్లులు ఊరుకుంటాయి. వారానికి బొట్టు గాయం మీద గులాబీరంగు చర్మం వచ్చింది. పక్కు దానంతటదే రాలింది, మేం గిల్లలేదు.

ఇంట్లో చూసుకోదగ్గ గాయమంటే ఇదే: పైపైన గీరుకుపోయింది, రూపాయి బిళ్ల కంటే చిన్నది, పిల్లి మామూలుగా తింటోంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు ఆపకుండా నొక్కి పట్టాలి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టింది ఊడొస్తుంది. పది నిమిషాలైనా ఆగకపోతే ఆస్పత్రికే.

పంటిగాట్లు మాత్రం వేరే. పైకి గుండుసూది గుచ్చినంతే కనిపిస్తాయి. పిల్లి కోర సన్నగా, పొడుగ్గా ఉంటుంది కదా, క్రిముల్ని లోతున దింపేస్తుంది, పైన చర్మం ఒక్కరోజులో మూసుకుపోతుంది. రెండు మూడు రోజులకి అక్కడ వేడిగా గడ్డ లేస్తుంది, పిల్లి ముడుచుకుని పడుకుని తిండి మానేస్తుంది. ఆ గడ్డని మనం చిదమకూడదు. చీము డాక్టరు తీయాలి, యాంటీబయాటిక్ ఇవ్వాలి. పిల్లి ఒంటి వేడి మామూలుగా 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, కాబట్టి చెయ్యి పెట్టి చూసి జ్వరమనో కాదనో తేల్చకండి. గండుపిల్లులకి ఆపరేషన్ చేయిస్తే ఈ కొట్లాటలు బాగా తగ్గుతాయి. కమిటీ దానికి డబ్బు అడుగుతున్నది అందుకే.

వానాకాలంలో ఒక పిల్లకూన తోక మొదట్లో పుండుతో సెల్లార్లో దొరికింది. తడి పుండు మీద ఈగ గుడ్లు పెడితే ఒక్కరోజులో పురుగులౌతాయి. ఎవరో పాపం మంచి ఉద్దేశంతోనే కిరోసిన్ పోశారు. దానికి చర్మం కాలింది. కిరోసిన్, టర్పెంటైన్ రెండూ విషమే. పురుగు కనిపిస్తే ఇంట్లో ఏమీ చేయకుండా హైదరాబాద్ నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకి గానీ, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి గానీ తీసుకెళ్లండి. ఆ కూన బతికింది, ఇప్పుడు మూడో అంతస్తులో పెరుగుతోంది.

సంక్రాంతికి మేడ మీద తెగిపడిన మాంజా ఒక పిల్లి ముందుకాలికి చుట్టుకుని అరికాలి మెత్త కోసేసింది. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా మన మేడ మీద మూరల కొద్దీ దొరికింది. వచ్చే పండక్కి మూడు రోజులూ సాయంత్రం మేడ మీద దారాలు ఏరే పని పిల్లలకి అప్పజెప్పాం, వాళ్లు సంబరంగా ఒప్పుకున్నారు.

ఇక నాకుడు సంగతి. పిల్లి మెలకువగా ఉన్న సమయంలో పెద్ద భాగం ఒళ్లు శుభ్రం చేసుకోవడానికే గడుపుతుంది, అది జబ్బు కాదు. బొచ్చు పలచబడినా, చర్మం ఎర్రబడినా, వాంతిలో వెంట్రుకల ఉండలు ఎక్కువైనా అప్పుడు కారణం వెతకాలి. కొన్ని పిల్లులు మన కళ్లెదుట నాకవు, మంచం కింద చేరి నాకుకుంటాయి. పొట్ట మీద చెయ్యి నిమిరి చూడండి. గడ్డం గీసి రెండు రోజులైనట్టు గరుగ్గా తగిలితే వెంట్రుక నాలుక దెబ్బకి తెగిందని అర్థం.

దసరా ముందు సున్నుండ అనే పిల్లికి వెనక తొడలు, తోక మొదలు బోడిగా అయ్యాయి. పై ఫ్లాట్‌లో నెలరోజులుగా డ్రిల్లింగ్ జరుగుతోంది, అందరం "పాపం టెన్షన్" అనేశాం. పేల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల రవ్వల్ని తడి టిష్యూ మీద పెట్టి చూశాం. చుట్టూ ఎర్రటి రంగు దిగింది. అది మట్టి కాదు, బొచ్చులో చేరి రక్తం పీల్చే ఫ్లీ పురుగుల రెట్ట, అంటే సున్నుండ రక్తమే. కొన్ని పిల్లులకి ఆ పురుగు ఉమ్మే పడదు, నాలుగైదు కాట్లకే ఒళ్లంతా దురద. పిల్లి మీద కనిపించేవి కొన్నే, గుడ్లూ లార్వాలూ ఎక్కువగా ఉండేది దాని పరుపులో, సోఫా సందుల్లో. కాబట్టి దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం, మూలమూలలా వాక్యూమ్ చేయడం, ఇంట్లో ఉన్న పిల్లులన్నిటికీ ఒకేసారి మందు వేయడం తప్పదు.

ఆ మందు దగ్గరే ఒక గండం తప్పింది. ఒక షాపులో కుక్కలకి మెడ మీద వేసే మందు ఇచ్చి "పిల్లికి సగం వేయండి చాలు" అన్నారు. వేసిన కొన్ని గంటలకి సున్నుండ వణకడం మొదలుపెట్టింది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్లలో ఒళ్లు కడిగి, తువ్వాల్లో వెచ్చగా చుట్టుకుని ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం. బతికింది. కుక్కల మందుల్లో ఉండే పర్మెత్రిన్ పిల్లుల నరాల మీద పనిచేస్తుంది, సగమైనా సరే. డబ్బా మీద పిల్లి బొమ్మ, పిల్లి బరువు రాసి ఉంటేనే కొనండి.

పొట్ట కింది భాగమే పదేపదే నాకితే మూత్రాశయంలో నొప్పి ఉండొచ్చు. మగపిల్లి మట్టి పెట్టెలోకి మాటిమాటికీ వెళ్లి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగకండి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. గుండ్రంగా బొచ్చు రాలి పొట్టు లేస్తే తామర కావచ్చు, అది పిల్లలకీ అంటుకుంటుంది. తిండి పడకపోయినా దురద వస్తుంది. ఇవన్నీ కాదని తేలాకే దిగులు వల్ల నాకుతోందని అనుకోవాలి. అప్పుడు తిట్టకండి, తిడితే ఇంకా ఎక్కువవుతుంది. తిండి వేళలు మార్చకండి, ఎత్తులో దాక్కునే చోటు చూపించండి, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పది నిమిషాలు తాడుతో ఆడించండి. దీపావళికి ఒక సభ్యుడి పిల్లికి బీరువా మీద అట్టపెట్టె, పాత చీర పెడితే మూడు రాత్రులూ అందులోనే పడుకుంది, కాలు నాకడం ఆపింది.

వైద్యం చేస్తూ పిల్లి గీరినా, కరిచినా సిగ్గుపడి దాచకండి. కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు నారాయణగూడలో రేబిస్ టీకా వేసే ప్రభుత్వ సంస్థ ఐ.పి.ఎం.కి వెళ్లి చూపించుకోండి. పిల్లిని పట్టుకునే పని పిల్లలకి ఇవ్వకండి.

ఫస్ట్ ఎయిడ్ డబ్బా వాచ్‌మన్ గదిలో కిటికీ పక్కన ఉంది. అందులో గాజ్, సిరంజిలు, బెటాడిన్, మొద్దు కత్తెర, పేల దువ్వెన, థర్మామీటర్, పెద్ద కోన్ ఉన్నాయి. చిన్న కోన్ సంక్రాంతి నుంచి కనిపించడం లేదు. ఎవరింట్లో ఉన్నా కడిగి తిరిగి పెట్టండి, నాలుగో అంతస్తు పిల్లికి వచ్చే వారం ఆపరేషన్, దానికి కావాలి.

కార్యదర్శి,
పిల్లుల సంరక్షణ కమిటీ