సంక్రాంతికి వెళ్ళానని చెప్పుకున్న ఆ మూడు నెలలు

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. మేమిద్దరం క్షేమం. నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది. పొద్దున్నే వీధి చివరిదాకా నడిచి వస్తున్నారు.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్లో చెప్పిన మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. తమ్ముడి ఉద్యోగం కోసం ఊరు కాని ఊరు వెళ్ళి, అక్కడ ఉండలేకపోతున్నానని నీ మరదలు నీ దగ్గర ఏడ్చిందన్నావు. దానికి నువ్వు "మా అమ్మ పద్దెనిమిదేళ్ళకే కొండ మీద కాపురం చేసింది, కరెంటు లేదు, డాక్టరు లేడు, ఒక్కరోజు కూడా నోరెత్తి ఒక మాట అనలేదు" అని చెప్పానన్నావు. నువ్వు గర్వంగానే చెప్పి ఉంటావు, నాకు తెలుసు. కానీ తల్లీ, అది నిజం కాదు. ఇన్నేళ్ళు నీకు అలా అనిపించేలా చేసింది మేమే. ఆ తప్పు మాది, నీది కాదు.

ఫోన్లో చెబుదామంటే మధ్యలో గొంతు పూడుకుపోతుందని రాస్తున్నాను. నాన్నకి చెప్పే రాస్తున్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "రాయి. ట్రంకుపెట్టె సంగతి కూడా రాయి" అన్నారు.

మా పెళ్ళి 1972 వైశాఖంలో అయింది. ఆషాఢం పుట్టింట్లో గడిపి శ్రావణంలో కాపురానికి వెళ్ళాను. నాన్న అప్పటికి ఏడాదిగా లంబసింగి అవతల ఒక చిన్న కొండ ఊళ్ళో బడిపంతులు. బడికంతటికీ ఆయనొక్కరే మాస్టారు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది గానీ అప్పుడు అదంతా విశాఖ జిల్లా ఏజెన్సీ. నేనేమో అనకాపల్లి పక్కన చెరకు తోటల మధ్య పెరిగాను. నర్సీపట్నంలో బస్సెక్కి ఘాట్ రోడ్డు మలుపులు చూసేసరికే కళ్ళు తిరిగాయి. లంబసింగిలో దిగాక ఆరు మైళ్ళు నడక. వాన ఆగలేదు. ట్రంకుపెట్టె ఒకవైపు, బియ్యం మూట ఒకవైపు కావడిలో వేసుకుని ఊరివాళ్ళబ్బాయి ఒకడు ముందు నడిచాడు. ఇంటికి చేరి చూసుకుంటే పాదాల మీద నాలుగు జలగలు. నాన్న ఉప్పు చల్లి తీశారు. నేను ఏడవడం మొదలుపెట్టింది ఆ రోజే.

ఇల్లంటే మట్టిగోడలు, గడ్డి కప్పు, ఒకటే గది. నీళ్ళు కింద గెడ్డలోంచి తేవాలి. దిగేటప్పుడు బాగానే ఉండేది, నిండు బిందెతో ఆ బురదలో ఎక్కేటప్పుడు ప్రతి అడుగుకీ ప్రాణం లేచిపోయేది. అగ్గిపెట్టె చెమ్మకి మెత్తబడిపోయి ఎన్ని పుల్లలు గీసినా వెలిగేది కాదు. నిప్పు ఆరిపోయిన రోజు నాకు పొయ్యి ముందు కూర్చుని ఏడవడమే తెలిసింది. పక్కింటి అక్క వచ్చి చూసింది. బగత తెగవాళ్ళు. తన ఇంట్లోంచి చిప్పలో నిప్పులు తెచ్చి పొయ్యిలో పోసింది. రాత్రి పడుకునే ముందు లావుపాటి మొద్దు కొసని బూడిదలో ఎలా కప్పాలో, పొద్దున్న ఎలా ఊదాలో చేసి చూపించింది. ఆమె నాకు నేర్పినవన్నీ రాయాలంటే ఈ కాగితాలు చాలవు.

ఒకటి మాత్రం ఇక్కడే చెప్పాలి. మేం దాన్ని కష్టం అనుకున్నాం. వాళ్ళకి అది పుట్టినప్పటినుంచీ ఉన్న బతుకు. కొండవాలు నరికి, కాల్చి, పోడు చేసి సామలు, చోళ్ళు, వలిసెలు పండించుకునేవారు. గింజ అయిపోయిన నెలల్లో మామిడి టెంకలోని జీడిని పదే పదే నీళ్ళలో నానబెట్టి, వగరు పోగొట్టి, అంబలి కాచుకునేవారు. మాకు దిగిపోవడానికి కింద ఒక ఊరుంది. వాళ్ళకి అది కూడా లేదు. మా కథ చెప్పేటప్పుడు ఎవరూ ఈ మాట చెప్పరు.

భాద్రపదంలో నాకు చలిజ్వరం వచ్చింది. రోజు విడిచి రోజు వణుకు. ఉన్న రెండు దుప్పట్లూ కప్పి, పైన గోనెపట్టా వేసినా పళ్ళు టకటక కొట్టుకునేవి. మలేరియా వాళ్ళు వచ్చి వేలికి సూది గుచ్చి గాజుపలక మీద రక్తం చుక్క తీసుకున్నారు. క్లోరోక్విన్ మాత్రలు నాలుగు ఒకేసారి మింగించారు. ఆ చేదు ఇప్పటికీ నాలుక మీద ఉంది. గోడలకి డీడీటీ కొట్టి వెళ్ళారు. జ్వరం తగ్గింది గానీ నేను ఎముకల గూడునైపోయాను.

నాన్న మాట తగ్గించేసింది అప్పుడే. పగలు బడి. పైఊళ్ళ ఖోండు తెగ పిల్లలకి వాళ్ళ భాష కువి తప్ప తెలుగు రాదు. ఈయనకి కువి రాదు. పిల్లల దగ్గరే అంకెలు, వస్తువుల పేర్లు నేర్చుకుని రాత్రి బుడ్డి దీపం ముందు పుస్తకంలో రాసుకునేవారు. నాతో మాత్రం "తిన్నావా", "జ్వరం లేదుగా", అంతే. నేనంటే ఇష్టం లేదనుకున్నాను. రోగిష్టి పిల్లని అంటగట్టారని మనసులో అనుకుంటున్నారేమోనని ఎన్ని రాత్రులు గోడవైపు తిరిగి పడుకున్నానో.

తెలంగాణలో ఉద్యోగాలు అక్కడి స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కింద ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలని జై ఆంధ్ర ఉద్యమం లేచింది. డిసెంబరులో ఎన్జీవోలు, అంటే గెజిటెడ్ కాని ప్రభుత్వోద్యోగులు, సమ్మెకి దిగారు. ఆఫీసులు మూతపడ్డాయి, జీతాలు ఆగిపోయాయి. ఇదంతా నీకు చరిత్ర పాఠంలాగా ఉంటుంది. అయితే నాకు ఆ సంగతి డిసెంబరులో తెలియనే లేదు. అక్కడికి పేపరు రాదు. నాన్నకి తెలుసు. నాకు చెప్పలేదు. "ఈ నెల కాస్త ఆలస్యమవుతుంది" అన్నారు. బియ్యం అయిపోయాక సామలు వచ్చాయి, చోళ్ళు వచ్చాయి. ఎక్కడివంటే ఊళ్ళోవాళ్ళు మాస్టారని ప్రేమగా ఇచ్చారన్నారు.

ఆ ఏడు చలి ఎలాంటిదో చెప్పలేను. లంబసింగిని అక్కడివాళ్ళు కొర్రబయలు అంటారు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు. పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉండేది. బిందెలో చెయ్యి పెడితే వేళ్ళు ఉన్నాయో లేవో తెలిసేది కాదు.

జనవరిలో ఒకరోజు పక్కింటి అక్క మాటల్లో మాటగా, "మీ ఆయన మా దగ్గర తీసుకున్న సామలు ఎప్పుడిచ్చినా పరవాలేదమ్మా, దిగులు పడొద్దను" అంది. అప్పుడు తెలిసింది. ఆమె దగ్గరే కాదు, ఇంకా మూడిళ్ళలో అప్పు. ఆ ఇళ్ళల్లో పిల్లలు అంబలి తాగుతుంటే మేం వాళ్ళ గింజలు అన్నం వండుకు తింటున్నాం, అది కూడా ప్రేమగా ఇచ్చారనుకుని.

ఆ సాయంత్రం నేను నోరెత్తాను, తల్లీ. ఊరంతా వినేలాగా అరిచాను. పేదరికం గురించి కాదు. "నన్ను మనిషిని అనుకున్నావా, గోడ అనుకున్నావా" అని అడిగాను. ఆయన్ని ఏకవచనంలో పిలిచింది జీవితంలో ఆ ఒక్కసారే. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. తల వంచుకుని పొయ్యిలో పుల్లలు సర్దుతూ కూర్చున్నారు. ఆ సర్దడం చూసి నాకు ఇంకా మండింది.

తెల్లవారుజామున ఆయన లేవకముందే బయల్దేరాను. కట్టుబట్టలతో. సంతకి వెళ్ళే ఆడవాళ్ళ వెనకాల నడిచి లంబసింగి చేరాను. బస్సు రాలేదు. గొడవల వల్ల బస్సులు నడుస్తున్నాయో లేదో ఎవరికీ తెలియదు. చీకటి పడేదాకా రోడ్డు పక్కనే కూర్చున్నాను. ఒక ముసలామె చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళి నెగడు పక్కన పడుకోబెట్టింది. ఆ ఘాట్ రోడ్డు వేసేటప్పుడు కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి వెట్టిలాగా పని చేయించారు కదా. ఆ కోపమూ కలిసే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదకి వెళ్ళింది. ఆ ముసలామె తల్లి అప్పట్లో ఆ రోడ్డు మీద రాళ్ళ తట్టలు మోసిందట. రాత్రి ఇంటికొచ్చి మొగుణ్ణి తిట్టి, ఏడ్చి, పొద్దున్న మళ్ళీ వెళ్ళేదట. ఇది నాకు బుద్ధి చెప్పడానికి చెప్పలేదు ఆమె. ఏడుస్తున్న పిల్ల సిగ్గుపడకూడదని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే మీ నాన్న వచ్చారు. భుజం మీద నా ట్రంకుపెట్టె. నన్ను వెనక్కి తీసుకెళ్ళడానికి వచ్చారనుకుని ముఖం తిప్పుకున్నాను. పెట్టె కింద పెట్టి, "చీరలు లేకుండా వెళ్ళావు. బస్సొస్తే ఎక్కిస్తాను, రాకపోతే నడుద్దాం" అన్నారు.

బస్సు రాలేదు. ఘాట్ దిగి డౌనూరు మీదుగా నర్సీపట్నం దాకా నడిచాం. పొద్దున్న మొదలుపెడితే రాత్రయింది. పెట్టె ఆయనే మోశారు. ఘాట్ సగం దిగేదాకా ఇద్దరం మాట్లాడలేదు. ఒక మలుపులో పెట్టె దించి కూర్చుని, ఆయన మొదలుపెట్టారు. భాద్రపదంలో నాకు జ్వరం వచ్చిన రాత్రి చచ్చిపోతాననుకున్నారట. మా నాన్నకి ఏం చెప్పాలో అని తెల్లవార్లూ మాటలు కూడబలుక్కున్నారట. ఆ రోజునుంచి నా మొహం చూస్తే భయమేసేదట, మాట్లాడితే ఆ భయం బయటపడుతుందని మానేశారట. అప్పుల లెక్క మొత్తం కుంచాలతో సహా అక్కడే చెప్పారు. ఇరవై మూడేళ్ళవాడు. ఇప్పుడు తమ్ముడి కంటే ఎంత చిన్నవాడో చూడు.

విన్నాను. అయినా వెనక్కి వెళ్ళలేదు. ఈ మాట కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. నాకు జాలి వేసింది, ప్రేమ కూడా వేసింది, అయినా ఆ ఇంట్లోకి అప్పుడే తిరిగి వెళ్ళే శక్తి నాకు లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన "సరే" అన్నారు.

నర్సీపట్నంలో ఒక బెల్లం లారీ దొరికింది. మా ఊరి పొలిమేర దాకా వచ్చి ఆయన వెనుదిరిగారు. ఇంకో నాలుగు రోజుల్లో భోగి. మొదటి సంక్రాంతికి కొత్త అల్లుడు రాకపోవడమంటే ఊళ్ళో ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? మా నాన్న "అల్లుడేడీ" అన్నారు. "బడి ఉంది" అన్నాను. రాష్ట్రంలో సగం బళ్ళు మూతపడి ఉన్నాయని ఆయనకి తెలుసు. ఇంకేం అడగలేదు. ఊళ్ళో మాత్రం "అమ్మాయి పండక్కొచ్చింది" అని చెప్పుకున్నారు. పండగ అయి రెండు నెలలు దాటినా అదే మాట. యాభై ఏళ్ళు దాటినా అదే మాట.

మా అమ్మ రోజూ వెళ్ళమనేది. నేను వెళ్ళలేదు. వారానికొక కార్డు వచ్చేది. అందులో ప్రేమ మాటలు ఉండవు. "ఈ వారం ఒక కుంచం సామలు తీర్చాను. జ్వరం రాలేదు. బడికి తొమ్మిదిమంది వచ్చారు. సమ్మె సంగతి ఇంకా తేలలేదు. నిన్న రాత్రి ఒక్కణ్ణే ఉంటే భయమేసింది." అంతే. ఏదీ దాచకుండా రాయడం ఆయనకి ఎంత కష్టమో ఆ వంకర అక్షరాల్లో కనిపించేది. తొమ్మిది కార్డులు వచ్చాయి. పదోది నేను రాశాను. గెడ్డకి దగ్గరగా ఉన్న ఇల్లు చూడమన్నాను. జీతం వచ్చినా రాకపోయినా నాకు మొదట చెప్పాలన్నాను. నాకు వెళ్ళాలనిపించినప్పుడు మా ఊరు వెళ్తానన్నాను.

మార్చిలో సమ్మె ముగిసింది. ఉగాది వెళ్ళాక నేనే బస్సెక్కాను. కొండవాళ్ళు చైత్రంలో చేసుకునే ఇటుకల పండుగ రోజులు. ఆడపిల్లలు దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ డబ్బులు అడుగుతుంటే బస్సు ఆగింది. నా దగ్గరున్న చిల్లరంతా ఇచ్చేశాను. లంబసింగిలో ఆయన నిలబడి ఉన్నారు. ఆ తర్వాత ఆరేళ్ళు అక్కడే ఉన్నాం. జ్వరాలు మళ్ళీ వచ్చాయి, చలీ వచ్చింది. మధ్యలో నేను ఇంకో రెండుసార్లు దిగిపోయి నెలేసి రోజులు ఉండి వచ్చాను. అవి కూడా నీకెవరూ చెప్పలేదు.

నువ్వు నీ మరదలికి చెప్పిన అమ్మ ఎవరో నాకు తెలియదు. ఆ పిల్లకి ఫోన్ చెయ్యి. మా అమ్మ అరిచింది, వెళ్ళిపోయింది, మూడు నెలలు రాలేదు అని చెప్పు. తమ్ముడికి నేను వేరే రాస్తున్నాను. వాడేం దాస్తున్నాడో నాకు తెలియదు గానీ, వాడు వాళ్ళ నాన్న కొడుకే.

ఆ తొమ్మిది కార్డులూ ట్రంకుపెట్టె అడుగునుంచి తీశాను. ఈ ఉత్తరంతో పాటు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. నువ్వు చదివి మరదలికి పంపు. నాలుగోది వానకి తడిసి సిరా అలుక్కుపోయింది. అందులో ఏముందో నాన్నకి ఇప్పటికీ గుర్తుంది, ఫోన్ చేసి అడగమను.

మీ అమ్మ