మిల్లులో గాయం, చీటీలో ‘ఇంట్లో పడ్డాడు’

సంపాదకులకు,

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు బియ్యం మిల్లుల్లో పాత యంత్రాలు తీసి కొత్తవి బిగించే పని ఇప్పటికీ చాలావరకు బరువులు మోసే కళాసీల రెక్కల మీదే సాగుతోంది. ముప్పై ఏళ్లు మిల్లు ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గత నెల ఇక్కడి ఒక మిల్లులో డీజిల్ ఇంజిన్‌ను గునపాలతో లేపి, కింద ఇనుప పైపులు వేసి దొర్లిస్తుండగా, ముందు పైపు పెడుతున్న కుర్రవాడి రెండు వేళ్లు నలిగిపోయాయి. వెనుక నుంచి తోసే నలుగురికీ అతని చేతులు కనబడవు. అతని కేక వారి ‘హైలెస్సా’లో కలిసిపోయింది. మూడుకాళ్ల స్టాండు, బరువును గొలుసుతో లేపే చైన్ పుల్లీ ఉంటే ఇద్దరు నెమ్మదిగా చేసుకోగలిగిన పని అది. యజమానికి వాటి అద్దె మిగిలింది, అంతే.

వేళ్లు నలిగితే కంటికి కనబడుతుంది, నడుము సంగతి అలా కాదు. నలుగురు మోస్తున్న మోటారు కింద ఒకరి కాలు జారితే బరువంతా ఒక్కసారిగా మిగిలిన ముగ్గురి మీద పడుతుంది. ఆ పూట పట్టేసినట్టనిపించిన నడుము నెల తిరిగేసరికి కాలిలోకి లాగితే, అది పనివల్ల వచ్చిందని ఒప్పుకునే యజమాని ఉండడు. గాయపరిచేంత బరువును ఎవరిచేతా ఎత్తించరాదని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే ఉండేది. చాలా మోటార్ల ప్లేటు మీద బరువు రాసే ఉంటుంది గాని, అది చదివే మేస్త్రీని నేను చూడలేదు.

ఆ కుర్రవాణ్ణి సరిహద్దు అవతలి పాతపట్నం దాటించి ఆసుపత్రికి తీసుకెళ్లినవారు చీటీలో ‘ఇంట్లో పడ్డాడు’ అని రాయించారు. ఈ కూలీల్లో చాలామంది ఆంధ్ర వైపు ఊళ్లవారు. ప్రమాదం ఒడిశాలో జరిగింది కనుక సొంత జిల్లాలో పరిహారం అడగడానికి లేదని నమ్ముతారు, మేస్త్రీలూ అదే నమ్మిస్తారు. నిజానికి 1923 నాటి పరిహార చట్టం 21వ సెక్షన్‌లో ఉన్నట్టే, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం కూడా, ప్రమాదం జరిగినచోటే కాక, కార్మికుడు తాను నివసించే ప్రాంతపు అధికారి వద్ద కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు రెండేళ్లు. కానీ చీటీలో ఇల్లని ఉంటే ఏ అధికారికైనా మొదటి అనుమానం కార్మికుడి మీదే.

కనుక రెండు వైపులా వైద్యులు, గాయం ఎక్కడ, ఏ పనిలో తగిలిందో వెంట వచ్చినవారిని కాక బాధితుణ్ణే అడిగి రాయాలి. గజపతి, శ్రీకాకుళం జిల్లాల కార్మిక శాఖ అధికారులు, సొంత ప్రాంతంలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చన్న నిబంధనను తెలుగు, ఒడియా భాషల్లో మిల్లు గేట్ల వద్ద అంటించాలి. చైన్ పుల్లీ లేనిచోట యంత్రాల మార్పిడి మొదలుపెట్టనివ్వకూడదు. ఆ కుర్రవాడి చీటీలో ఒక్క ముక్క సరిచేయించడానికి అతని తండ్రి మూడు వారాలుగా ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడు.

– ఒక విశ్రాంత మిల్లు ఫిట్టరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా